ఇచ్చిన జీతం తిరిగి కట్టవలెను!

మలేసియాలోని జార్జ్ టౌన్‌లో యజమానిని తౌకే అంటారు. తౌకేల్లో మంచివాళ్లు బోలెడుమంది, వాళ్ల జోలి నాకొద్దు. నా గొడవంతా ఇంకో రకంతో. పనివాడు చేరిన రోజు ‘తమ్ముడూ’ అంటారు, మానేస్తానన్న రోజు కాలిక్యులేటర్ తీస్తారు. అందులో కూడికలుండవు, అన్నీ తీసివేతలే. వీసాకింత, లెవీకింత, యూనిఫాంకింత, ట్రైనింగుకింత. రోటీ చనాయ్ పిండిముద్ద గాల్లో విసరడం నేర్పినందుకు ట్రైనింగు ఫీజు! నేర్పింది పొయ్యి పక్కనున్న పాత పనివాడు, ఫీజు తౌకేగారికి. అన్నిటికీ అడుగున ఎర్ర సిరాతో అసలు పద్దు: ‘ఆర్నెల్లుగా తీసుకున్న జీతానికి తగ్గ పని చేయలేదు కనుక సగం తిరిగి కట్టవలెను.’ దాని కింద సంతకానికి గీత. సంతకం రానివాడికి ఇబ్బంది లేకుండా, పక్కనే మూత తీసిపెట్టిన స్టాంపు ప్యాడ్.

భేష్! లెక్క నాకు తెగ నచ్చింది. అయితే సగంలో ఆపకండి తౌకేగారూ. జీతం వెనక్కి రావాలంటే పనీ వెనక్కి పోవాలి కదా. ఆ కుర్రాడు తోమిన గిన్నెలన్నిటికీ మళ్లీ కూర పులమనివ్వండి. తుడిచిన బల్లల మీద తే తారిక్ టీ ఒలకబోయనివ్వండి. లెబు పసార్ వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా తిరిగి, వాడు వేసిన రోటీలు తిన్నవాళ్లందరినీ పట్టుకుని కక్కించి, వాళ్ల రింగిట్లు వాళ్ల చేతిలో పెట్టండి. ఆ పని పూర్తయ్యాక కబురంపండి. మహామారియమ్మన్ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి చెల్లు రాసుకుందాం.

ఇంతకీ అప్పిచ్చిందెవరు? ఒకటో తారీఖున పనిలో దిగినవాడికి డబ్బు కనబడేది నెల నిండాకే. ఆ పైన చట్టం తౌకేకు ఇంకో 7 రోజులు గడువిచ్చింది. నెల పొడుగునా ఒళ్లు వంచి, వడ్డీ లేకుండా అరువు పెట్టినవాడు పనివాడు. ఈ అరువు ఏ బ్యాంకో ఇచ్చి ఉంటే తౌకేగారి కారు ఈపాటికి వేలంలో ఉండేది.

మలేసియాలో 1955 నాటి ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ఉంది. పరదేశం నుంచి వచ్చిన పనివాడికీ అదే దిక్కు. దాని 24వ సెక్షన్ ప్రకారం యజమాని తనంతట తాను జీతంలో కోయగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: పొరపాటున ఎక్కువిచ్చింది, అదీ గడిచిన 3 నెలల్లోదే; ముందుగా వాడుకున్న జీతం, వడ్డీ వేయకుండా; ఈపీఎఫ్ (భవిష్యనిధి), సొక్సో (కార్మిక బీమా) లాంటి చట్టం చెప్పిన కోతలు; నోటీసివ్వకుండా మానేస్తే దానికి బదులు సొమ్ము. ఈ చివరిదాన్ని నేనూ కాదనను. చెప్పాపెట్టకుండా పోయినవాడు ఆ మేరకు బాకీయే. ‘తగ్గ పని చేయలేదు’ అనే పద్దు మాత్రం ఎంత వెతికినా అక్కడ కనబడదు. పరదేశపు పనివాడి మీద సర్కారు వేసే లెవీ సంగతంటారా, 2018 నుంచి అది యజమాని నెత్తినే ఉంది. ‘పాస్‌పోర్టు నా బీరువాలో ఉందిలే’ అని మీసం దువ్వే తౌకే 1966 పాస్‌పోర్టు చట్టం చదివించుకుంటే మంచిది. ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు అట్టేపెట్టుకోవడమే నేరం.

తౌకేగారి తెలివి బొత్తిగా కొత్తదీ కాదు. జార్జ్ టౌన్ నుంచి ఫెర్రీ దాటితే సెబరాంగ్ పెరాయ్. దొరల కాలంలో ప్రావిన్స్ వెలస్లీ అనే ఆ నేల మీద చెరకు తోటలుండేవి. మన దేశం నుంచి ఒప్పందం మీద తెచ్చిన కూలీల ఓడ ఖర్చును వాళ్ల కూలిలోంచే రాబట్టేవారు. ఆ ఒప్పందపు చేర్పులు 1910లో ఆగిపోయాయి. దొరలు ఎంతైనా అమాయకులు. కూలి ఇవ్వకముందే కోసుకున్నారు గానీ, ఇచ్చేసి ఆర్నెల్లాగి వెనక్కి అడగొచ్చని వాళ్ల బుర్రకు తట్టలేదు!

శ్రీకాకుళం నుంచో జగిత్యాల నుంచో వచ్చి ఇలాంటి కాగితం అందుకున్న తమ్ముడూ, నీకో మాట. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకు. వేలిముద్ర అసలే వద్దు. ఫోనులో దాన్ని ఫోటో తీసుకో. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, డ్యూటీ వేళలు రాసుకున్న పుస్తకం పట్టుకుని జబతన్ తెనగ కెర్జ, అంటే కార్మిక శాఖ, ఆఫీసుకు పో. అక్కడి లేబర్ కోర్టులో లాయరు లేకుండా నీ గోడు నువ్వే చెప్పుకోవచ్చు. 2023 జనవరి నుంచి ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ మీరిన యజమానికి 50,000 రింగిట్ల దాకా జరిమానా పడొచ్చు.