ఒక సముద్రతంతి ఆత్మకథ

నా దేహమధ్యమున నున్నవి రాగితీగెలు. వానిని చుట్టియున్నది మలయాదేశపు అరణ్యవృక్షముల పాలనుండి తీసిన గట్టాపెర్చా. ఆపై నారపొర, దానిపై ఇనుపకవచము. జన్మస్థానము థేమ్సు తీరమందలి గ్రీనిచ్. ప్రయాణికులను మోయుటకై నిర్మింపబడి, ఆ వ్యాపారమున యజమానులకు నష్టమే మిగిల్చిన గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక, ఎండకు నా ఒడలు చెడకుండుటకై తాను తెల్లరంగు పూసికొని, 1870 ఆరంభమున నన్ను బొంబాయికి తెచ్చి, అచ్చటినుండి ఏడెను వైపునకు అరేబియా సముద్రగర్భమున పరచుకొనుచు పోయెను. ఏడెనునుండి సూయజునకును, ఆవల మాల్టా, జిబ్రాల్టరుల మీదుగా ఇంగ్లండునకును నా సోదరులు వ్యాపించిరి. మా అగ్రజుని కథ వేరు: 1858లో అట్లాంటికు నడుగున పరుండి, విక్టోరియా రాణి పంపిన తొంబదియెనిమిది పదముల సందేశమును పదునారు గంటలలో ఎట్లో ఆవలియొడ్డు చేర్చి, కొలది వారములకే మూగవోయెను.

ఆంగ్లము లోకమున కెల్ల ఉమ్మడిభాష యగుటకు దాని వ్యాకరణ సౌలభ్యమో, షేక్స్పియరు ప్రతిభయో హేతువని వాదించువారు కలరు. ఆ భాషను దశాబ్దములపాటు మోసియు అందొక్క అక్షరమైన నెరుగనివాడను గావున, నా సాక్ష్యమున పక్షపాతము వెదకుట వ్యర్థము. నే నెరిగినది ఒక్కటే: మార్గ మెవ్వరిది, మజిలీలలో కూర్చున్నవా డెవ్వడు?

నాకు పూర్వము, 1865 నుండి, భారతవార్తలు టర్కీ సామ్రాజ్యపు నేలతంతి మీదుగా పోవుచుండెను. అచ్చటి గుమాస్తాలు తమకు తెలియని ఆంగ్లమును అక్షరమక్షరముగా అందుకొని మరల పంపవలసివచ్చుటచే, బొంబాయి వర్తకుడు పంపిన ప్రత్తిధర దినములతరబడి నాని నాని లండను చేరునప్పటికి, అది ధరయో శాపమో తెలియని స్థితి నుండెడిది. అందువలననే ఆంగ్లేయులు తమ గుమాస్తాలే మొదటినుండి తుదివరకు కూర్చుండు మార్గమును కోరిరి. ఆ మార్గమే నేను.

మా స్టేషనుల చీకటిగదులలో జరిగిన పని చూడదగినది. విలియం థామ్సను కల్పించిన యంత్రమున గోటిపాటి అద్దమొకటి సన్నని పట్టుదారమున వ్రేలాడుచుండెను. నాలో విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ అద్దము కదలి, దానిపై పడిన దీపకాంతి ఎదుటి కొలబద్దపై ఎడమకో కుడికో జరుగుచుండెను. ఆ వెలుగుచుక్కను రెప్పవేయక చూచుచు ఒకడు అక్షరములు చెప్పుచుండ, మరియొకడు వ్రాయుచుండెను. వేలమైళ్లు వచ్చి నీరసించిన సంజ్ఞలో ఒక అక్షరము జారిపోయినను, తెలిసిన భాషయైనచో గుమాస్తా దానిని ఊహించి పూరింపగలిగెడివాడు. తెలియని భాషయైనచో మరల పంపుమని అడుగవలసినదే. మాటకింత యని సుంకము చెల్లించు వర్తకుడు దేనిని వరించెడివాడో వేరుగ చెప్పనేల? ఒక వినోదము: 1865లో పారిసున వెలసిన అంతర్జాతీయ తంతిసంఘము తన నియమములన్నిటిని ఫ్రెంచిలోనే వ్రాసికొనెను. ఆ నియమములకు లోబడి సముద్రములలో పరుండిన తంతులలో, ఆ శతాబ్ది ముగియునాటికి, ఇంచుమించు మూడింట రెండువంతులు బ్రిటిషువారివి.

జర్మనీలో జన్మించిన జూలియస్ రాయిటరు 1851లో లండనునకు వచ్చి వార్తల అంగడి పెట్టినది ఆంగ్లముపై మక్కువచే ననుకొనను. తంతులు కలియు కూడలి అదియే. 1870లో ఆయన ఫ్రాన్సు, జర్మనీల వార్తాసంస్థలతో లోకమును పంచుకొన్నప్పుడు భారతదేశము, దూరప్రాచ్యము ఆయన వంతునకు వచ్చెను.

1914 ఆగస్టు 5వ తేదీన, యుద్ధము ప్రకటించిన కొలది గంటలకే, ఆంగ్లేయుల నౌక యొకటి జర్మనీ తంతులను సముద్రమునుండి పైకిలాగి తెగగొట్టెను. జాతిపక్షమున నేను దానిని మెచ్చుకొనజాలను. 1919లో వెర్సేల్సు సంధిపత్రము ఫ్రెంచితోపాటు ఆంగ్లమునను ప్రామాణికముగా వెలువడినప్పుడు పలువురు ఆశ్చర్యపడిరట. నాకు ఆశ్చర్యము కలుగలేదు.

నేను ఒడ్డెక్కిన బొంబాయిలోనే 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక వారపత్రికగా జనించి, యుద్ధము వచ్చిన 1914లోనే చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. ఫ్రాన్సు నేలపై ఫ్రెంచివారును జర్మనులును పోరాడిన వార్త గుంటూరు పాఠకుని చేరుటకు ముందు లండనులో ఆంగ్లవేషము ధరింపవలసినదే. పత్రికల కార్యాలయములలో రాత్రివేళ దీపముక్రింద కూర్చుండిన ఉపసంపాదకునికి అందునది, సుంకమునకు వెరచి క్రియలును విభక్తులును ఊడదీసిన ఆంగ్లాస్థిపంజరము. అతడు దానికి కర్తను వెదకి, క్రియను కూర్చి, ఊరి పేరునకు తనకు తోచిన ఉచ్చారణ నిచ్చి, ఆరుమాటల తంతిని అరువది మాటల తెలుగుగా విస్తరించుచుండెను. ఆ అరువదింటికి అతని నెవ్వరును సుంక మడుగలేదు.