దాతకు ఘోషా, ఓటరుకు నడిబజారు

మన వైపు గుడికి ఫ్యాను ఇచ్చినవాడు కూడా రెక్కల మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయిస్తాడు. కరెంటు పోయినప్పుడల్లా భక్తులు తీరిగ్గా చదువుకుంటారు. నూట పదహార్లు చదివించినా మైకులో పేరు వినపడాల్సిందే. దాతలకు ఇంత ధైర్యమున్న దేశంలో 2018లో ఉన్నట్టుండి కంపెనీల డబ్బుకు సిగ్గు ముంచుకొచ్చింది.

ఆ సిగ్గుకు సర్కారు కప్పిన దుప్పటే ఎన్నికల బాండు. స్టేట్ బ్యాంకులో కొను, పార్టీకివ్వు. దాని మీద నీ పేరుండదు. అంతకుముందు కంపెనీ విరాళానికి మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం అని ఓ హద్దుండేది. 2017 ఆర్థిక చట్టం దాన్నీ ఎత్తేసింది. అంటే నష్టాల్లో మునిగిన కంపెనీ కూడా పార్టీలకు దానధర్మాలు చేసుకోవచ్చు. కర్ణుడికైనా ఇంత వెసులుబాటు లేదు.

పేరెందుకు దాస్తున్నారయ్యా అంటే, దాతకు గోప్యత హక్కుందని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. ఇదే ప్రభుత్వం 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కే కాదంది. జనానికి లేని హక్కు బాండు కొనగానే మొలుస్తుందన్నమాట!

2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ పథకాన్నీ, హద్దులేని విరాళాలనూ కొట్టేసింది. మార్చిలో జాబితా బయటపడితే కొనుగోళ్లలో దేశానికి రెండో స్థానం మనవాళ్లదే. గుడ్లవల్లేరు మండలం డోకిపర్రులో మూలాలున్న మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు! బీజేపీ, బీఆర్ఎస్, డీఎంకే, వైసీపీ, టీడీపీ... పంక్తిభేదం లేదు. టీడీపీ హయాంలో పట్టిసీమ కట్టింది వాళ్లే, వైసీపీ హయాంలో పోలవరం పనులు అందుకున్నదీ వాళ్లే. దానికీ దీనికీ ముడి ఉందని నేననను. అప్పటికి బాండు కొనడం చట్టబద్ధమే. కాకపోతే డోకిపర్రులో వెంకన్న గుడి ఎవరు కట్టించారో గుడివాడ దాకా ఎవరినడిగినా చెబుతారు. 966 కోట్ల సంగతి చెప్పించడానికి మాత్రం సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది.

ఇక ఈ ఘోషా లేనిది ఓటరుకే. ఉయ్యూరు పక్కన చెరుకు తోటలో మందు కొడుతున్న రైతు సెల్లు మోగుతుంది. పంపు దించి, చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని ఎత్తితే రికార్డు చేసిన గొంతు: “మీ ఎమ్మెల్యే పనితీరు బాగుందనుకుంటే ఒకటి నొక్కండి.” నా నంబరు నీకెవరిచ్చారు బాబూ అని అడగడానికి ఏ అంకె నొక్కాలో మాత్రం చెప్పదు.

ఎవరిచ్చారో ఏం చెబుతాం? 2019లో టీడీపీ సేవామిత్ర యాప్ చేసిపెట్టిన ఐటీ గ్రిడ్స్ హార్డ్ డిస్కుల్లో రెండు తెలుగు రాష్ట్రాల 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలున్నాయని ఆధార్ సంస్థే పోలీసులకు ఫిర్యాదు చేసింది. పార్టీ ససేమిరా కాదంది. తర్వాత వచ్చిన వైసీపీ యాభై ఇళ్లకో వాలంటీరును పెట్టింది. ఎవరింట్లో ఎవరికేం వస్తోందో ఆ వాలంటీరు ఫోనులో ఉండేది. చివరికి 2024 ఎన్నికల ముందు వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది.

మరి 2023లో డేటా రక్షణ చట్టం చేశారుగా అంటారు. చేశారు. తాము నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను దాన్నుంచి మినహాయించుకునే వీలు పెట్టుకున్నారు, పనిలో పనిగా సమాచార హక్కు చట్టానికీ కత్తెరేశారు. తాళం మన ఇంటికి, తాళంచెవి వాళ్ల జేబుకి.

కంపెనీ ఇచ్చిన ప్రతి రూపాయీ ఇచ్చిన వారంలోనే పేరుతో సహా బయటపెట్టాలి. ఓటరు నంబరును అతని అనుమతి లేకుండా ఏ పార్టీ ముట్టుకోకూడదు. అడిగేది ఇంతే. సర్వే ఫోన్లు మాత్రం మానలేమంటారా? సరే, దాతలక్కూడా చేయండి: “మీరిచ్చిన సొమ్ముకు పని జరిగిందనుకుంటే ఒకటి నొక్కండి. ఇంకా జరగలేదనుకుంటే రెండు నొక్కండి. పార్టీ మారుద్దామనుకుంటే లైన్లోనే ఉండండి.”