శాంపిల్ సారు

నల్లగొండ పల్లెల్లో మే నెల మిట్టమధ్యాహ్నం వేపచెట్టు నీడ వదిలేసి, బడి వెనకాల నేలలోంచి పొడుచుకొచ్చిన ఇనప గొట్టం పక్కన గొంతుక్కూర్చున్న మనిషి కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, శాంపిల్ సారే. ఆయన బోరు వేయించడు, మోటారు ఇప్పించడు, ట్యాంకరు పంపించడు. నేల కింది నీళ్లు పరీక్షకు పట్టుకెళ్తాడు, అంతే. ఊరు మాత్రం ముందు ఈ మూడే అడుగుతుంది. ‘కొబ్బరికాయ తెప్పించమంటరా సారూ, యాడ నీళ్లు పడ్తయో చూస్తరా?’ అని ఓ పెద్దాయన నాలుగోదీ అడుగుతాడు.

ఆ గొట్టం పేరు పీజోమీటరు. తోడుకోవడానికి కాదు, చూసుకోవడానికి వేసిన బోరు. దానికో మూత, మూతకో తాళం. తాళం ఎప్పుడో పోయుంటుంది. బడిపిల్లలు అందులో రాళ్లేసి ఎంతసేపటికి ‘డుబుక్’మంటుందో లెక్కపెడుతుంటారు. సారు మొదట చేసేదీ ఇంచుమించు అదే, కాకపోతే టేపుతో.

అసలు గొడవ ఆ తర్వాత. గొట్టంలో నిలవున్న నీళ్లు పట్టుకెళ్తే గొట్టం సంగతి తెలుస్తుంది గానీ కింది రాతి పొరల సంగతి తెలియదు. అందుకని లోపల ఎన్ని నీళ్లుంటే అంతకు మూడింతలు తోడి పారబోయాలి. 6.5 అంగుళాల బోరులో 40 మీటర్ల నీళ్లుంటే ఆ మూడింతలు 2,500 లీటర్లు దాటతాయి. మే నెలలో. ఎదురుగా బిందెల వరస.

‘ఏందయ్యా, మేం బిందెడు నీళ్లకు కొట్టుకుంటుంటే నువ్వు మట్టిల పారబోస్తున్నవ్?’

‘పారబోయడం కాదమ్మా, పర్జింగ్.’

ఈ జవాబుతో ఇంతవరకు ఏ ఊరూ చల్లబడలేదు. రెండు నిమిషాల్లో పైపు మూతి బిందెల్లోకి తిరుగుతుంది. సారు అడ్డుపడడు, మీటరు పట్టుకుని బిందెల మధ్య తిరుగుతూ పీహెచ్, కండక్టివిటీ, వేడి చూసుకుంటుంటాడు. ‘ఇంకా నిలకడగా రాలేదు, ఆగండి!’ అంటాడు. బిందెలు ఆగవు. ‘తాగకండమ్మా, రిజల్టు రాలేదు’ అంటాడు. ‘నీ రిజల్టు వచ్చేదాంక నాలుకెండి సావాల్నా?’ అంటారు.

అంకెలు కుదురుకున్నాక సీసాలు బయటికొస్తాయి. మామూలు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలవాలి. సూక్ష్మజీవుల పరీక్ష సీసాను మాత్రం అసలు తొలవకూడదు, మూత లోపలివైపు వేలు తగలకూడదు. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసేటప్పుడు సారు ముఖం తీర్థమిచ్చే పూజారి ముఖమే. లేబులు సీసా ఒంటికే అంటించాలి, మూతకి కాదు. మూతలు తారుమారవుతాయి కదా. అన్నీ ఐసుపెట్టెలోకి చేరతాయి. ‘చేపలా సారూ, కిలో ఎంత?’ అని దారిలో అడగని వాడుండడు. ఆ పెట్టెలోనే ల్యాబులో నింపిన శుద్ధమైన నీళ్ల సీసా ఒకటి మూత తియ్యకుండా ఊళ్లన్నీ తిరిగి మళ్లీ ల్యాబుకే చేరుతుంది. దారిలో ఏమీ అంటుకోలేదని చూపించడమే దాని ఉద్యోగం. మన ఆఫీసుల్లో ఇంత నిజాయితీగా టూరు చేసే ఉద్యోగి మరొకరు లేరని నా అభిప్రాయం.

ఇంటికొచ్చినా ఈ జబ్బు వదలదు. కుళాయి తిప్పి మొదటి నీళ్లు పట్టడు. కాఫీ ఇస్తే గ్లాసును కొంచెం కాఫీతోనే తొలిచి పారబోస్తాడు. వాళ్లావిడ ఇప్పుడు డికాక్షను ఎక్కువే తీస్తోంది.

సామాను సర్దేసరికి ప్రతి ఊళ్లోనూ ఓ అవ్వ తగులుతుంది. దోసెడు నీళ్లు పుక్కిలించి ‘ఉప్పగున్నయ్, రాసుకో’ అంటుంది. మీటరూ అదే అంటోంది.

‘మరి గింత సామాను ఎందుకు మోసుకొస్తివి బిడ్డా?’

‘ఫ్లోరైడు కోసం అవ్వా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా నాలుకకు తెలియదు.’

‘నా మోకాళ్లకు తెల్సు. అది గూడ రాసుకో.’

సారు ఫారం ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తాడు. మోకాళ్లకు గడి లేదు.