డెసిబెల్ గారు

ఓడరేవు గోడవారనున్న ప్రతి వీధికీ ఒక డెసిబెల్ గారుంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, వీధికి దాంతో పనిలేదు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో నేనెరిగిన డెసిబెల్ గారు రిటైరైన గుమాస్తా. సర్వీసంతా పగలే నిద్రపోయాడు కాబట్టి రాత్రి నిద్ర విలువ ఇప్పుడే తెలిసొచ్చిందని గిట్టనివాళ్ళంటారు. మెడలో తాడు కట్టిన కళ్ళజోడు, చంకలో ప్లాస్టిక్ ఫైలు, చేతిలో సెల్‌ఫోను. ఆ ఫోనులో చప్పుడు కొలిచే యాప్ ఉంది. మీరు నమస్కారం పెడితే ముందు దానికేసి చూసి, "అరవై రెండు" అని, ఆ తరవాత తిరిగి నమస్కారం చేస్తారు.

ఇంట్లో మిక్సీ తిరిగితే పక్కగదిలోంచి "ఎనభై నాలుగు!" అని కేక వినిపిస్తుంది. "అయితే ఆ ఫోనుతోనే రుబ్బుకోండి చట్నీ" అని వాళ్ళావిడ జవాబు. ఆవిడ రాత్రి పదింటికి తల వాలిస్తే మళ్ళీ ఐదింటికే లేవడం. మధ్యలో రేవులో ఏం పడ్డా, ఏం లేచినా ఆవిడకి పట్టదు. రేవు చప్పుడు మీద ఆయన నడిపే ఉద్యమానికి మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ఉన్న ఒక్క సాక్షీ పక్కమీద గుర్రు పెడుతోంది.

ఆయన దగ్గర ఎర్ర అట్ట లెక్కల పుస్తకం ఒకటుంది. గుమాస్తా చెయ్యి కదా, గళ్ళన్నీ స్కేలు పెట్టి గీసినవే. టైము, చప్పుడు, కారణం, ఎంతసేపు. ఆఖరి గడి "ఆవిడ లేచిందా". ఒక పేజీ నాకు చూపించారు. "రా. 2-37. దబ్బు. గ్రాబు. ఒక సెకను. లేదు." "రా. 2-41. దబ్బు. గ్రాబు. ఒక సెకను. లేదు." "రా. 3-05. ధనధనధన. వ్యాగన్లు. ఇరవై సెకన్లు. లేదు." "రా. 3-20. మ్‌మ్‌మ్. ఓడ జనరేటరు. తెల్లారేదాకా. లేదు." పేజీ అడుగున లేదులన్నిటికీ మొత్తం కూడా వేసి, కింద పొట్టి సంతకం చేశారు.

ఆయన్ని వెక్కిరించేవాళ్ళకి తెలియని సంగతేమిటంటే, రేవు ఎలా పనిచేస్తుందో ఆ పుస్తకం చదివితే వచ్చేస్తుంది. గ్రాబు అంటే క్రేనుకి వేలాడే ఇనప దవడ. ఓడ కడుపులోకి దిగి, ఒక్క పట్టున టన్నులకొద్దీ సరుకు కరుచుకుని, పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఎంత ఎత్తున తెరిస్తే కింద అంత దబ్బు. గూడ్సు బండిని ఇంజను లాగగానే మొదటి వ్యాగన్ రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని గుంజుతూ ఆ ధనధన బండి చివరిదాకా పరుగెడుతుంది. ఇక జనరేటరు. రేవులో కట్టేసిన ఓడ పెద్ద ఇంజను ఆపేస్తుంది గాని దీపాలకీ పంపులకీ కరెంటు కావాలి కదా, అందుకని చిన్న ఇంజన్లు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ మూలుగు చెవికి అంతగా ఆనదు గాని గిన్నెలకి తెలుస్తుంది. డెసిబెల్ గారి వంటింట్లో స్టీలు గ్లాసు మీద గ్లాసు బోర్లించి ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని సన్నగా పలుకుతాయి. నేను వేలు పెట్టి చూశాను. నిజంగానే వణుకుతున్నాయి.

ఓడ కూతల విషయంలో మాత్రం ఆయనది శత్రువు దగ్గరే చదువుకున్న విద్య. సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో దేశాలు ఒప్పుకున్న నియమాలు ఆయనకి కంఠోపాఠం. పొట్టి కూత ఒకటైతే కుడికి తిరుగుతున్నానని, రెండైతే ఎడమకని, మూడైతే ఇంజను వెనక్కి నడుపుతున్నానని. గబగబా ఐదు కూసిందా, "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు" అని. ఈ ఐదు కూతల రకం ఆయనకి ఎంతో నచ్చింది. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో అధ్యక్షులవారు మాట్లాడుతుంటే వెనక కుర్చీలోంచి ఐదు దగ్గులు వినపడతాయి. అర్థం తెలిసింది మా ఇద్దరికే. అధ్యక్షులవారు పాపం పోయిన నెల విక్సు బిళ్ళ ఇచ్చారు.

ఆ సంఘంలోనే ఆయనకి అసలు శత్రువులున్నారు. వాళ్ళు దుమ్ము వర్గం. వన్‌టౌన్‌లో దుమ్ముదే పెద్ద పార్టీ, చప్పుడుది చిన్న పార్టీ. కారణం తేలికే. బొగ్గుదుమ్ముకి సాక్ష్యం ఉంటుంది. వరండా గచ్చు మీద తెల్ల గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి ఎమ్మెల్యే ముఖం ముందు పెట్టొచ్చు. పేపరువాళ్ళు నల్లబడ్డ అరికాళ్ళని ఫొటో తీసుకోవచ్చు. మరి రెండూ ముప్ఫై ఏడుకి పడ్డ దబ్బుని ఏ గుడ్డతో తుడిచి చూపించాలి? "వాళ్ళ బాధ ఉతికితే పోతుందండీ, నా బాధ ఉతికినా కనబడదు" అంటారాయన. దుమ్ము వర్గం వాళ్ళ ఒత్తిడితో బొగ్గు కుప్పల మీద నీళ్ళు చిమ్మడం మొదలైతే, ఆ నీళ్ళ పంపు చప్పుడు మీద మర్నాడే అర్జీ రాశారు. దాంతో సంఘం రెండుగా చీలింది. ఒకవైపు ఒక్కరే ఉన్నారనుకోండి, చీలిక చీలికే.

కింది ఫ్లాటులో ఉండే రేవు పెన్షనరు గారు ఎప్పుడూ ఒకే బాణం వేస్తారు. "రేవు వచ్చింది 1933లో. తమరొచ్చింది నిన్నగాక మొన్న. రేవు మీ పక్కకొచ్చిందా, మీరు రేవు పక్కకొచ్చారా?" బాణం గట్టిదే. పైగా డెసిబెల్ గారు ఈ ఫ్లాటు కొన్నప్పుడు బాల్కనీలోంచి ఓడలు కనిపిస్తాయని బిల్డరు చదరపడుక్కి ఎక్కువ తీసుకున్నాడు. ఈయన మురిసిపోయి ఇచ్చారు. చూడ్డానికి డబ్బిచ్చాను గాని వినడానికి ఇవ్వలేదని ఆయన వాదన. దాని మీద ఇంకో వాదన కూడా ఉంది. "1933 అక్టోబరు 7న వచ్చిన మొదటి ఓడ జలదుర్గ. అది ప్రయాణికుల ఓడండీ. మనుషుల్ని గ్రాబుతో దించరు కదా!" అదీ కాక పాతవూరు రేవు కన్నా పాతది, కోటవీధీ కురుపాం మార్కెట్టూ ఉన్న ఊరి ఒడిలోకే రేవు వచ్చింది అని కూడా ఆయన గుర్తుచేస్తారు. ఇది నిజమే గాని ఆయన మాత్రం గాజువాక నుంచి వచ్చారు.

మరొకటి కూడా చెప్పాలి. ఆయన యాప్ రేవు వైపు కిటికీ దగ్గర పనిచేసినంత చురుగ్గా వీధి వైపు కిటికీ దగ్గర పనిచెయ్యదు. పెళ్ళి ఊరేగింపు డీజేకి తలుపులు దడదడలాడుతుంటే ఫోను జేబులో పెట్టేసుకుంటారు. అడిగితే, "అది మనవాళ్ళదండీ, ఏడాదికోసారి. ఓడ పరదేశీది" అన్నారు. మాఘమాసంలో ఏడాదికోసారి వారానికి నాలుగుసార్లు వస్తుంది.

ఆయన దండయాత్రలన్నిటిలో గొప్పది చట్టం మీద చేసింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఆయన లామినేషన్ చేయించి గోడకి తగిలించారు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. రాత్రంటే పది నుంచి ఆరు. హద్దుని పది డెసిబెల్స్ మించితేనే ఫిర్యాదు చెయ్యొచ్చు. బాగానే ఉంది, మరి ఆయన ఇల్లు ఏ ప్రాంతం? ముందు ఇళ్ళు, పక్కన దుకాణాలు, వెనక రేవు గోడ. ఈ ప్రశ్న మీద ఆయనకీ కలెక్టరాఫీసుకీ ఎన్ని ఉత్తరాలు నడిచాయో గాని, చివరికి ఆయనకి అర్థమైంది ఇది: హాలు నివాస ప్రాంతమట, బాల్కనీ పారిశ్రామికమట. గడప దాటి బాల్కనీలో కుర్చీ వేసుకుంటే రాత్రిపూట పాతిక డెసిబెల్స్ హక్కు పోతుంది. అప్పట్నుంచి కుర్చీ లోపలికి తెచ్చుకున్నారు.

కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీలివ్వగా, ఇవ్వగా, ఎట్టకేలకి ఒకరోజు మీటరు పట్టుకుని ఇద్దరు వచ్చారు. ఎప్పుడు వచ్చారంటే, పొద్దున్న పదకొండింటికి. ఓడ ముందురోజు సాయంత్రమే వెళ్ళిపోయింది. రేవు బడి సెలవిచ్చినంత నిశ్శబ్దంగా ఉంది. "రాత్రి రండి బాబూ" అంటే, "రాత్రి మీటరు ఇవ్వరండి" అన్నారు. మళ్ళీ ఉత్తరాలు. మళ్ళీ వచ్చారు, ఈసారి రాత్రే. వీధంతా మేలుకుని చూసింది. ఆవిడ తప్ప. గ్రాబు పడింది, వ్యాగన్లు మోగాయి, గ్లాసులు పలికాయి. డెసిబెల్ గారు కన్యాదాత ముఖంతో అందరికీ కాఫీలిచ్చారు. కాగితం వచ్చాక చూస్తే, ఫిర్యాదుకి వీలైనంత మించలేదని తేలింది.

ఇందులో కుట్ర లేదు. లెక్క అలా కడతారు. నియమాల్లో ఉన్న 45 అనేది ఆ క్షణాన పడ్డ చప్పుడు కాదు, కొలిచిన సమయమంతటికీ కట్టిన సగటు. సెకనుపాటు పడ్డ దబ్బు, చుట్టూ ఉన్న నిశ్శబ్దంలో కరిగిపోతుంది. నిద్ర మాత్రం ఆ సెకనుకే చెడుతుంది. ఇంకోటి, మీటరులోని "ఎ" కొలత మనిషి చెవిని అనుసరించి మంద్ర శబ్దాలకి తక్కువ మార్కులేస్తుంది. ఓడ జనరేటరు మూలుగు సరిగ్గా ఆ మంద్రంలోనే ఉంటుంది. అంటే ఆయన పుస్తకంలోని రెండు పెద్ద నేరాల్లో ఒకటి సగటులో మాయమైంది, రెండోది మార్కుల్లో. రాత్రంతా పది నిమిషాలకోసారి చెంపమీద కొట్టి, పొద్దున్నే లెక్కగట్టి "సగటున చూస్తే నిమిరినట్టే ఉందండీ" అన్నట్టుంది వ్యవహారం. ఈ ఒక్క విషయంలో నేను డెసిబెల్ గారి పార్టీ.

రేవువాళ్ళ మాటా కొట్టిపారేసేది కాదు. ఓడని రోజు లెక్కన లక్షలు పోసి అద్దెకి తెచ్చుకుంటారు. రాత్రయిందని దుప్పటి కప్పి పడుకోబెట్టలేరు. వీధి మొదట్లో టీకొట్టు అతనైతే, "ఓడ కూత ఎయ్యకుండా ఎలా ఎల్తాది బాబూ? మరేటి, సైకిలు బెల్లు కొట్టుకుంటా ఎల్తాదా?" అన్నాడు. అతని టీ తాగేది నైట్ డ్యూటీ వాళ్ళు.

సంతకాల సేకరణలోనే అసలు విచిత్రం జరిగింది. పొద్దున్న పదకొండింటికి డెసిబెల్ గారు పై అంతస్తు వాటా తలుపు బెల్లు కొట్టారు. ఒకటికి నాలుగుసార్లు కొట్టారు. కళ్ళు నులుముకుంటూ వచ్చినతను రేవులో క్రేను నడిపేవాడు, నైటు దిగి అప్పుడే పడుకున్నాడు. రెండూ ముప్ఫై ఏడు ఎవరి చేతిలో ఉందో ఆ చేతికే ఈయన పెన్ను అందించారు. అతను అర్జీ అంతా చదివి, సంతకం పెట్టి మరీ, "గ్రాబుని కిందికంటా దించి నోరు తెరిస్తే సప్పుడు రాదండి. దించితే టైము అయిపోద్ది. టైము అయిపోతే నన్ను తిడతారు. మీరు రాసీండి" అన్నాడు. డెసిబెల్ గారు అక్కడే మెట్లమీద కూచుని ఆ వాక్యాన్ని అర్జీలో చేర్చారు. ఇన్నేళ్ళ అర్జీల్లో పనికొచ్చే మొదటి వాక్యం అదే.

ఇప్పుడాయన కోరికలు మూడు. గ్రాబు రాత్రిపూట కింద దాకా దించి తెరవాలి. బళ్ళు వెనక్కి వచ్చేటప్పుడు టీంటీంటీం అనే హారన్లు తీసేసి, దగ్గరివాళ్ళకే వినపడేలా బుస్సుమనేవి పెట్టాలి, అలాంటివి దొరుకుతున్నాయి. రేవులో కట్టిన ఓడకి ఒడ్డునుంచే కరెంటిచ్చి జనరేటరు ఆపించాలి. మూడోది గొంతెమ్మ కోరిక అని సంఘం నవ్వింది గాని, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే ఓడలకి ఒడ్డు కరెంటు ఇచ్చింది. అదే ఏడు మనకి శబ్ద నియమాలు వచ్చాయి. వాళ్ళకి ప్లగ్గు వచ్చింది, మనకి పట్టిక వచ్చింది.

మూడూ న్యాయమైనవే. మనిషితో రెండు నిమిషాలు వేగడం కష్టం గాని ఆ అర్జీలో తీసెయ్యాల్సిన ముక్క లేదు. గంగవరం నుంచి కాకినాడ దాకా రేవుల పక్కన ఉంటున్నవాళ్ళెవరికైనా నకలు కావలిస్తే ఆయన ఉచితంగానే ఇస్తారు. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి, మధ్యాహ్నమంతా ఆయన నిద్రపోతారు. పై వాటా అతను కూడా నిద్రపోతుంటాడు కనక బెల్లు మాత్రం కొట్టకండి.