మా రోజుల్లో జమానతు ఉండేది

మంచిర్యాలలో ఇప్పుడు ఏ కొలువుకు పోయినా పోలీసు కాగితం తెమ్మంటున్నారు. గల్ఫ్‌కు పోయే పోరడికీ అదే, సెక్యూరిటీ గార్డుకూ అదే. ఫీజు కట్టి దరఖాస్తు పెడితే కాగితం వస్తుంది. దాంట్లో ఉండేదేమిటి? ఈ మనిషి మీద పోలీసు రికార్డుల్లో కేసు లేదని. కేసు దాకా రాని పాడుబుద్ధి ఏ కంప్యూటర్‌లో కనబడుతుంది?

మా రోజుల్లో మనిషికి మనిషే జమానతు. బడికి వాచ్‌మన్‌ను పెట్టుకోవాలంటే పెద్దసారు అతని ఊరివాళ్లను పిలిపించి అడిగేవాడు. "మావోడే సార్, ఏమన్నయితే నన్నడుగుండ్రి" అని ఒకరు ముందుకొస్తేనే కొలువు. ఆ మాటన్నాయన తెల్లారి అదే బజార్లో తిరగాలి. తేడా వస్తే జనం ముందు ఆయన గడపకే పోయేవాళ్లు. అందుకే నోటికొచ్చినట్టు ఎవరూ పూచీ పడేవాళ్లు కాదు.

అప్పట్లో ఊరి అధికారి అయిన పోలీస్ పటేల్ పెత్తనాన్ని మాత్రం నేను మెచ్చుకోను. ఆయనకు కిట్టనివాడు ఎంత బుద్ధిమంతుడైనా ఊళ్లో చెడ్డోడే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీల వ్యవస్థను ఎత్తేసింది. మంచి పని చేసింది. కానీ పూచీపడే పెద్దమనిషి అవసరం దాంతో పోలేదు కదా!

ఇక పోలీసు విచారణ అంటారా, బొగ్గుబాయిల మీద బతికిన మాకు అది కొత్తది కాదు. బెల్లంపల్లి, మందమర్రి దిక్కు రాడికల్ గాలి వీచిన రోజుల్లో ఏ సంఘం మీటింగులో కూర్చున్నాడో, ఎవరితో తిరిగాడో కూడా చూసేవాళ్లు. దొంగతనం చేసినవాడికన్నా నినాదం ఇచ్చినవాడికే భయం ఎక్కువ. మధ్యప్రదేశ్‌లో ఒక టీచరును పాత రాజకీయ సంబంధాల మీద పోలీసు రిపోర్టు చూసి కొలువు నుంచి తీసేస్తే, అది చెల్లదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఇంకో మాట అన్నారు: చిన్నతనంలో నినాదాలు ఇచ్చిన కేసులాంటి చిల్లర విషయాన్ని ఫారంలో రాయకపోయినా, కొలువిచ్చేవాడు దాన్ని మన్నించవచ్చని. 2011లో సకల జనుల సమ్మె చూసిన జిల్లా మాది. తెలంగాణ కోసం రోడ్డెక్కిన పిల్లగాళ్లకు ఆ మాట ఎంత ఆసరానో మాకు తెలుసు.

నా కోపమంతా ఒక్కదాని మీదే. గట్టిగా చూడాల్సిన చోట ఎవరూ చూస్తలేరు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక బడిలో నాలుగేండ్ల పాప మీద అఘాయిత్యం బయటపడింది. చేసింది ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. 2023లో కోర్టు అతనికి 20 ఏండ్ల జైలు వేసింది. శిక్ష పడింది, సరే. ఆ పసిదానికి జరిగింది జరగకుండా పోతుందా?

చట్టం లేక కాదు. పిల్లలతో మెలిగే సంస్థలన్నీ, బడైనా, క్రెచ్ అయినా, ఆటల అకాడమీ అయినా, సిబ్బంది మీద పోలీసులతో విచారణ చేయించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. అదీ ఒక్కసారి చేసి వదిలేయడం కాదు, అప్పుడప్పుడు మళ్లీ మళ్లీ చేయించాలి. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న తేడా లేదు. అయితే ఆ నియమం మాట్లాడేది సంస్థ ఉద్యోగుల గురించే. పొద్దున్నే పిల్లలను కుక్కి తీసుకుపోయే ఆటో డ్రైవర్ బడి ఉద్యోగి కాడు, తల్లిదండ్రులు మాట్లాడుకున్న మనిషి. ఎండాకాలం క్యాంపులో ఈత నేర్పే పిల్లగాడు జీతగాడు కాడు, ఊరికే సాయానికొచ్చాడు. వీళ్లను ఎవరు విచారించాలి? బడి తల్లిదండ్రుల మీదికి తోస్తుంది, తల్లిదండ్రులేమో బడి చూసుకుంటుందని ఊరుకుంటారు.

2015 పుష్కరాలప్పుడు గోదావరి ఒడ్డున వలంటీర్లు ఎంత కష్టపడ్డారో చూసినవాణ్ని. వాళ్లను అనుమానించమని అనను. కానీ 2027లో మళ్లీ పుష్కరాలు. జనంలో తప్పిపోయిన పిల్లను చేయిపట్టుకుని క్యాంపుకు తీసుకుపోయేది వలంటీరే. పేరు రాసుకునేటప్పుడే పోలీసు కాగితం అడగండి. దాంతోపాటు వాళ్ల వాడలో ఇద్దరు పెద్దమనుషుల సంతకం, ఫోన్ నంబరు తీసుకోండి. ఆ నంబరుకు ఒక్కసారైనా ఫోన్ చేసి మాట్లాడండి. జూన్‌లో బళ్లు తెరిచినప్పుడు ఆటో డ్రైవర్లకు కూడా ఇదే పద్ధతి పెట్టాలి. మీటింగు పెట్టి పిలిస్తే ఈ వయసులో కూడా వచ్చి కూర్చుంటా, నాకు తెలిసినవాళ్లకు నేనే జమానతు సంతకం పెడతా.