పాఠం అప్పజెప్పిన పిల్ల

అండమాన్‌లోని డెలానీపూర్‌లో నౌకాదళం వాళ్ళ సముద్రిక మ్యూజియం ఆవరణలో ఒక నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది. నికోబార్ దీవుల్లోని కమోర్టా ఒడ్డుకు కొట్టుకొచ్చిన పిల్ల తిమింగలం అది. చుట్టుపక్కల బళ్ళ నుంచి పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు వాళ్ళు అక్కడే ఆగిపోయేవారు, మాస్టారు మాత్రం వాళ్ళని లోపలికి, గవ్వలూ శంఖాలూ ఉన్న గాజు పెట్టెల దగ్గరికి లాక్కుపోయేవారు. పెద్ద జంతువుని ఎవరైనా గౌరవిస్తారు, చిన్నదాన్ని గౌరవించడానికే చదువు కావాలి అనేవారు.

మాస్టారు అని మేమంతా పిలిచినా ఆయన బడిపంతులు కారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జువాలజీ చదివి, సముద్ర జీవశాస్త్రవేత్తగా అండమాన్ వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ చదువులో వాల్తేరు వాళ్ళది పెద్ద చెయ్యి. ఆచార్య పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు కలిసి వాల్తేరు బీచిలో ఇసుక రేణువుల సందుల్లో బతికే కంటికానని ప్రాణుల మీద రాసిన పరిశోధన 1962లో అచ్చయింది. పోర్ట్ బ్లెయిర్‌లో 1977లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం పెట్టారు. తరవాత్తరవాత చంద్రశేఖరరావు గారు ఈ దీవుల ఇసుకనీ అలాగే గాలించారు. వాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారిపోయేది.

ఆయన ప్రాణం మాత్రం ట్రైటన్ శంఖం మీద. మన పూజగదుల్లో ఉండే శంఖం వేరు, ఇది వేరు. మూర పొడవు దాకా పెరుగుతుంది. లేత రంగు ఒంటి మీద గోధుమరంగు నెలవంకలు, నోటి దగ్గర నారింజ ఛాయ. చూసినవాడికి ఇంట్లో పెట్టుకోవాలనిపించే అందం. ఆ అందమే దాని కొంప ముంచింది. సముద్రంలో దాని పని ముళ్ళకిరీటం నక్షత్రచేపని వేటాడటం. ఆ నక్షత్రచేప పగడపు దిబ్బ మీదికి పాకి, తన పొట్టనే నోట్లోంచి బయటికి తీసి పరిచి, పగడపు జీవుల్ని అక్కడికక్కడే జీర్ణం చేసుకుంటుంది. అది కదిలి వెళ్ళిన చోట తెల్లటి సున్నపు చట్రం తప్ప ఏమీ మిగలదు. ఒంటినిండా విషపు ముళ్ళున్న ఆ జంతువుని తినగలిగినవి చాలా తక్కువ. వాటిలో ఒకదాన్ని మనం షోకేసుల్లోకి ఎక్కించాం.

2001 జులైలో ట్రైటన్‌ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. మాస్టారికి అదీ చాలలేదు. ఏ శంఖం ఎక్కడ కనబడిందో పరిశోధన వ్యాసంలో రాస్తే, శాస్త్రవేత్తల కంటే ముందు దాన్ని అమ్ముకునేవాళ్ళు చదువుతున్నారని ఆయన గ్రహించారు. ప్రపంచంలో చాలాచోట్ల అరుదైన బల్లులకీ, పూలమొక్కలకీ ఇలాగే జరిగింది. ఆనాటి నుంచి తన రాతల్లో ద్వీపం పేరు రాయడం మానేశారు. ఎవరెంత అడిగినా చెప్పేవారు కారు.

రిటైరయ్యాక ఆయన చేసిన పని నాకు ఆయన పరిశోధన కంటే గొప్పదిగా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకి పదమూడుగురు తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు వీళ్ళలో బోలెడు. పిల్లలు బయట హిందీ మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు, ఇంట్లో తెలుగు. ఇంటి వెనకే ఉన్న సముద్రం గురించి తెలుగులో చదువుకోవడానికి వాళ్ళ చేతిలో ఏమీ లేదు. అందుకని మాస్టారు తన చేత్తో ఒక చిన్న పుస్తకం రాసి, బొమ్మలు తనే వేసి, జిరాక్సు తీయించి పంచారు. శంఖం ఏం తింటుంది, పగలు ఏ పగడపు చూరు కింద దాక్కుంటుంది, రాత్రి ఎప్పుడు బయటికొస్తుంది, అన్నీ కథలా రాశారు. ద్వీపం పేరు మాత్రం ఒక్కటీ లేదు.

ఆయన ఇచ్చే హోంవర్కు కూడా ఒక్కటే. "ఇంటికెళ్ళి మీ నాన్నకి చదివి వినిపించండి. చదువుకోకపోయినా సముద్రం ఆయనకి తెలుసు. ఒకసారి విన్నాక దాని మీద చెయ్యి వెయ్యడు" అనేవారు.

పిల్లలందరికీ నచ్చిన పేజీ తల్లి శంఖానిది. ఆడ ట్రైటన్ గుడ్ల తిత్తుల్ని రాతికి అంటించి, వారాల తరబడి వాటిని కప్పుకుని అక్కడే కూర్చుంటుంది. ఆ పేజీ చదివిన రోజు ఒక ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మరి ఆకలేస్తే ఎలా సార్?" అని అడిగింది. మాస్టారు ఆ ప్రశ్నని నాకు ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయారో! "ఆ పిల్ల సైంటిస్టు అవుతుంది, చూడండి" అనేవారు.

మొన్న ఆగస్టులో ఆ పిల్ల చదివే బడిలో ఆయనకి సన్మానం చేశారు. నన్నూ పిలిచారు. శాలువా కప్పారు, బొట్టు పెట్టి పండ్లూ తాంబూలం ఇచ్చారు. మాస్టారు పావుగంట మాట్లాడారు. మొదటి షెడ్యూలు జీవిని పట్టినవాడికి జైలు మూడేళ్ళకి తగ్గదని చెప్పి, "అయినా చట్టానికి భయపడి మానెయ్యడం వేరు, తెలుసుకుని మానెయ్యడం వేరు. మీరు మీ ఇళ్ళల్లో చదివి వినిపించారు చూడండి, అది నాకు ఈ శాలువా కంటే ఎక్కువ" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

సభ అయ్యాక ఆ ఎనిమిదో తరగతి పిల్ల వచ్చింది. చేతిలో పాత వార్తాపత్రిక చుట్టిన బరువైన పొట్లం. "మా నాన్న మీకిమ్మన్నాడు సార్" అని ఆయన ఒళ్ళో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టింది. మాస్టారు నవ్వుతూ కాగితం విప్పారు.

ట్రైటన్. మూరకి కాస్త తక్కువ. మాంసం కుళ్ళేదాకా ఇసుకలో పాతిపెట్టి తీసి, కడిగి, కొబ్బరినూనె పట్టించినట్టున్నారు, మెరుస్తోంది. నోటి లోపల, వేలు పోని మూలలో, ఇంకా కొంచెం ఇసుక అంటుకుని ఉంది.

మాస్టారు చాలాసేపటికి గొంతు పెగల్చుకుని, "ఎక్కడిదమ్మా ఇది?" అన్నారు.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"మీరు చెప్పినట్టే పుస్తకమంతా నాన్నకి చదివి వినిపించాను సార్. ఇన్నేళ్ళూ ఎంత మునిగినా ఒక్కటీ దొరకలేదట. గుడ్లు పెట్టిన తల్లి అక్కణ్ణుంచి కదలదని మీరే రాశారు కదా!"