నా రెండో పేరు హురవీ

నేనొక చిన్న యుద్ధనౌకను. పుట్టింది కలకత్తా గార్డెన్ రీచ్‌లో, హుగ్లీ ఒడ్డున. నౌకాదళంలో చేరింది విశాఖపట్నంలో, 2016 మే 23న. అండమాన్ దీవుల్లో ఒకదాని పేరు నాకు పెట్టారు: తార్‌ముగ్లీ. నాకంటే ముందు ఆ పేరు మా అక్కది. ఆమెను సేషెల్స్‌కి ఇచ్చేశారు. అక్కడ ఆమె టోపాజ్ అయింది. 2010లో సోమాలీ సముద్రపు దొంగల చెరలో ఉన్న జాలర్లను విడిపించింది. మా వంశం ఆడపిల్లల వంశం. అత్తారింటికి వెళ్తే పేరు కూడా మారిపోతుంది.

నా పొడవు దాదాపు 49 మీటర్లు, బరువు 315 టన్నులు. పెద్ద యుద్ధనౌకల పక్కన నన్ను చూసి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. నవ్వనీ. నాకు ప్రొపెల్లర్ లేదు. పొట్ట కింద నుంచి నీళ్లు లాక్కుని వెనక నుంచి విసిరికొట్టే వాటర్‌జెట్లు మూడు, వాటిని తిప్పే డీజిల్ ఇంజన్లు మూడు. 30 నాట్లు దాటిపోతాను, అంటే గంటకు 55 కిలోమీటర్లకు పైమాటే. ప్రొపెల్లర్ కిందికి వేలాడదు కాబట్టి లోతు తక్కువ నీళ్లలోకీ ధైర్యంగా వెళ్తాను. కానీ నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ జెట్లకు డీజిలు దండగ. తేలే ప్లాస్టిక్ సంచి లోపలికి పోయిందా, ఊపిరాడదు. ముందు భాగాన ఉన్న 30 మిల్లీమీటర్ల తుపాకీ మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే రకం. సముద్రమే లేని మెదక్ నుంచి సముద్రానికి తుపాకీ! ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సరదాగా ఉంటుంది.

నాలాంటి పడవల గిరాకీ పెరిగింది 2008 నవంబరు 26 నాటి ముంబయి దాడుల తర్వాతే. కరాచీ నుంచి వచ్చిన పదిమంది దారిలో కుబేర్ అనే చేపల పడవను లాక్కుని, చివర్లో రబ్బరు పడవ ఎక్కి కొలాబాలో దిగారు. వాళ్ల దగ్గర యుద్ధనౌక లేదు. వేల చేపల పడవల్లో ఇంకో చేపల పడవ, అంతే. ఆ మరుసటి ఏడాదే తీరరక్షణ మొత్తం బాధ్యత నౌకాదళం నెత్తిన పడింది.

అందుకే విశాఖలో ఉన్నన్నాళ్లూ నా పని ఉరకడం కంటే అడగడమే ఎక్కువ. మర పడవల పక్కకు చేరి, ఏ ఊరు, ఎంతమంది, కాగితాలేవీ అని అడిగేవారు నావాళ్లు. "ఏటి బాబూ, నిన్న కూడా సూపించాం గదా!" అని విసుక్కునేవాళ్లు జాలర్లు. ఆ విసుగులో న్యాయం ఉంది. కానీ తెలియని పడవను ముందు పసిగట్టేది రాడార్ కాదు, వాళ్లే. తమ నీళ్లలో ఏ ఇంజను ఎవరిదో వాళ్లకు చప్పుడు వింటేనే తెలుస్తుంది. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పకపోతే నా 30 నాట్లూ వృథా.

2023 మే 2న నన్ను మాల్దీవులకు ఇచ్చారు. ఇప్పుడు నేను అక్కడి కోస్ట్‌గార్డ్ నౌక హురవీని. అంతకుముందు అక్కడున్న హురవీ కూడా మన నౌకాదళం 2006లో ఇచ్చినదే, తిల్లాన్‌చాంగ్. దాదాపు 1,200 పగడపు దీవులు, వాటి నడుమ లోతులేని నీళ్లు. నా జెట్లకు విశాఖ కంటే ఈ ఊరే ఎక్కువ నప్పిందని ఒప్పుకోక తప్పదు.

ఆంధ్ర తీరంలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. కొత్త పడవ కనిపించి అనుమానం వస్తే ఊరుకోకండి. తీర భద్రతా పోలీసులకు 1093కి ఫోన్ చేయండి.